పుస్తకం గడువు, కోతల కాలం: పిల్లల రచయిత దేనికి ఎంత సమయం ఇవ్వాలి?

పొన్నచెట్టు (గుంటూరు), నవంబరు 16

సభ్యులందరికీ నమస్కారం. నేను పిల్లలకు కథలు రాస్తుంటాను. మొదటి సంపుటిని పాఠకులు ఆదరించడంతో విజయవాడలోని ఒక చిన్న ప్రచురణ సంస్థ నా రెండో పుస్తకాన్ని, 24 పేజీల బొమ్మల కథను, వేయడానికి ముందుకు వచ్చింది. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఆవిష్కరించాలని వారి కోరిక. అందుకు డిసెంబరు రెండో వారానికి ప్రూఫులు దిద్ది ఇవ్వాలి. ఆలోగా చిత్రకారిణితో కూర్చుని ఏ పేజీలో ఎన్ని మాటలు ఉండాలో, ఏ సంగతిని బొమ్మకే వదిలెయ్యాలో తేల్చుకోవాలి.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఫిరంగిపురం, మేడికొండూరు వైపు పత్తి తీతకు, ఆ తరువాత మిరప కోతలకు కర్నూలు జిల్లా పల్లెల నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో సహా దిగుతాయి. మా మహిళా బృందం కొన్నేళ్లుగా ఆ గుడారాల దగ్గర సాయంత్రాలు పిల్లలకు కథలు చదివి వినిపిస్తోంది. వీలైనంత మందిని దగ్గరి బడిలో చేర్పించడానికి కూడా తిరుగుతాం. ఈ ఏడాది కూడా వస్తానని మాట ఇచ్చాను.

సమయం చాలకపోవడం ఒక్కటే అయితే ఇక్కడ అడిగేదాన్ని కాదు. నా కొత్త కథ మిరప కల్లంలో తాలుకాయలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఏరే ఒక పాప గురించినది. ఆ పిల్లల మధ్య కూర్చోకపోతే ఆ కథ నాకు తట్టేదే కాదు. ఇప్పుడు దానిని పూర్తి చేయాలంటే వాళ్ల దగ్గరకు వెళ్లడం మానుకోవలసి వస్తోంది. 'నీకు కావలసింది దొరికింది కదమ్మా' అని బృందంలో ఒక పెద్దావిడ నవ్వుతూనే అన్నారు కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఇది చాలదన్నట్లు సభలకు పిలుపులు, ప్రకటనల మీద సంతకాలు, బాలల దినోత్సవ ప్రసంగాలు. దేనిని వదులుకోవాలో, దేనిని ఎంత పట్టుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

ఏలూరు రోడ్డు పాఠకుడు (విజయవాడ), నవంబరు 16

అమ్మా, సూటిగా చెబుతున్నందుకు మన్నించండి. బడిలో చేర్పించడానికి ప్రభుత్వం ఉంది, టీచర్లు ఉన్నారు, సంఘాలు ఉన్నాయి. మిరప కల్లంలోని పాపను కథానాయికగా చేసి తెలుగులో బొమ్మల పుస్తకం రాయగలవారు ఎందరున్నారు? స్వరాజ్ మైదానంలో పుస్తకాల పండుగ జరిగిన కాలం నుంచీ పిల్లల స్టాళ్లు తిరుగుతున్నవాడిని. అవే నీతికథలు, అవే రాజులు, అవే తెనాలి రామకృష్ణుడి కథలు ప్రతి ఏడాదీ కొత్త అట్టతో కనిపిస్తాయి. కూలి పిల్లలు ఆ పేజీల్లో ఉండరు, ఉన్నా ఎవరో దయగల దొరబాబు వచ్చి ఆదుకునే వరకు ఏడుస్తూ కూర్చుంటారు. ఈ ఖాళీని పూరించడం సామాజిక న్యాయం కాదా? గుడారానికి వెళితే కొద్దిమంది పిల్లలకు మేలు జరుగుతుంది. పుస్తకం బాగా వస్తే కొన్ని వేల మంది చేతుల్లోకి వెళుతుంది. ముందు పుస్తకం పూర్తి చేయండి.

బడిగంట (ఫిరంగిపురం), నవంబరు 17

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. పై సభ్యుడు 'టీచర్లు ఉన్నారు' అన్నారు కాబట్టి, ఉన్నవాళ్లలో ఒకడిగా నాలుగు మాటలు చెప్పాలి.

కూలీల బృందం దిగిన మొదటి వారమే కీలకం. అప్పటికి పిల్లలు ఇంకా పనికి అలవాటు పడలేదు, కూలీలను తెచ్చే మేస్త్రి లెక్కలోకీ ఎక్కలేదు. ఆ వారంలో బడిలో అడుగు పెట్టిన పిల్ల సాధారణంగా నిలుస్తుంది. ఆ వారం దాటితే ఆమెను మళ్లీ చేనులోంచి తీసుకురావడం చాలా కష్టం. అడ్డంకులు కూడా మనం ఊహించుకునేంత పెద్దవి కావు. బదిలీ పత్రం లేదని ఒక బడి వెనక్కి పంపుతుంది, పుట్టిన తేదీ రుజువు లేదని ఇంకొక బడి సంశయిస్తుంది. విద్యాహక్కు చట్టం, 2009 ఐదో సెక్షను ప్రకారం బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశాన్ని ఆపడానికి గానీ నిరాకరించడానికి గానీ వీలులేదు. వయసు రుజువు లేదని కూడా తిప్పి పంపకూడదని పద్నాలుగో సెక్షను చెబుతోంది. ఈ మాట తల్లిదండ్రులకు తెలియదు. తెలిసినా, హెడ్మాస్టరు బల్ల ముందు నిలబడి చెప్పే ధైర్యం వారికి ఉండదు. పక్కన చదువుకున్న మనిషి ఒకరు నిలబడితే పావుగంటలో తేలిపోయే విషయం అది.

అందుచేత రచయిత్రి గారికి నా సలహా ఏమిటంటే, సాయంత్రం కథల కార్యక్రమాన్ని మా ఊరి ఇంటరు పిల్లలు కూడా నడపగలరు. మీరు ప్రతి సాయంత్రం రానక్కరలేదు. మొదటి వారం ఉదయం పూట మాత్రం తప్పకుండా రావాలి. మరో సంగతి చెప్పాలి. మా బడికి వచ్చే పెద్దపిల్లల్లో సగం మంది చంకలో తమ్ముడినో చెల్లెలినో వేసుకుని వస్తారు. ఆ చంటివాడికి అంగన్‌వాడీలో చోటు దొరికిన రోజున అక్క చేతికి పలక వస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్తతో మాట్లాడి పెట్టడం, నా దృష్టిలో, సభల్లో మాట్లాడటం కంటే ఎక్కువ పని.

తెనాలి చదువరి, నవంబరు 17

ఈ చర్చ మన ప్రాంతానికి కొత్తది కాదు. మా తెనాలి వాడైన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు 'చందమామ' సంపాదకత్వ బాధ్యతలు చూశారు. నెల తప్పకుండా రాకుమారులనూ, భూతాలనూ, గడసరి కోడళ్లనూ పిల్లల ముందు నిలిపారు. ఆయనే మధ్యతరగతి కపటత్వాన్ని చీల్చి చెండాడే నవలలూ కథలూ రాశారు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నారు. తన రాజకీయాలను ఆయన పిల్లల పత్రికలోకి ఉపన్యాసాలుగా మోసుకురాలేదు. అలాగని పిల్లల పత్రిక ఉద్యోగం ఉందని రాజకీయాలను వదులుకోనూ లేదు. రెండు గదులు విడివిడిగా ఉంచుకున్నారు, మధ్య తలుపు మాత్రం మూయలేదు. ఆ పత్రికలో తెలివితో గెలిచే పేదవాళ్లు ఎంతమంది ఉన్నారో పాత సంచికలు తిరగేసినవారికి తెలుస్తుంది.

ఇంకో దారి గుంటూరులో ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో కూర్చుని 'మాలపల్లి' నవల రాశారు. 1922లో, భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి, ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం నెలకొల్పారు. బడి నడిపే మనిషికి రాసుకునే తీరిక ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆయన ఇంకా ఎక్కువ రాసి ఉండాల్సిందని విచారించేవాళ్లు ఉన్నారు. నేను ఆ విచారంలో పాలుపంచుకోను, ఎందుకంటే ఆ బడిలో చదువుకున్నవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

మాటల్లో మాట, 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకులు రాలేకపోతే పుస్తకమే వెళ్లింది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఈనాటికీ మన దగ్గర వసూలవుతోంది. ఒక్క పుస్తకాల పెట్టెనైనా గుడారాల దాకా పంపమని జిల్లా గ్రంథాలయ సంస్థను అడిగే హక్కు మనకు లేదా?

సుగ్గిపిల్ల (విజయవాడ), నవంబరు 18

అక్కా, మీ ప్రశ్న చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. మాది కోసిగి వైపు. ఇలా కోతలకు వలస పోవడాన్ని మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. దీపావళి దాటితే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి, మళ్లీ ఉగాదికి తెరుచుకుంటాయి. అమ్మానాన్నల వెంట గుంటూరు జిల్లాకు వచ్చి, మీరు కథలో రాసుకున్న ఆ తాలుకాయలు ఏరినదాన్ని నేను. ఇప్పుడు ఇక్కడ డిగ్రీ చదువుతున్నాను.

మా గుడారాలకు చాలామంది వచ్చారు. నోటు పుస్తకాలు ఇచ్చి వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసుకున్నవాళ్లు ఒక్కసారే వచ్చారు, వాళ్ల ముఖాలు నాకు గుర్తులేవు. ఒకావిడ మాత్రం ప్రతి ఆదివారం వచ్చేది. ఆమెకు కథ చెప్పడం పెద్దగా రాదు, చదువుతూ చదువుతూ వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టేది. అయినా ఆదివారం వస్తుందంటే ఎదురుచూసేవాళ్లం. ఆమె ఒక ఆదివారం రాకపోతే మా అమ్మ కూడా అడిగేది. మీరు వారానికి రెండు గంటలే ఇవ్వగలిగితే రెండు గంటలే ఇవ్వండి, కానీ ఆ రోజు ఫలానా అని పిల్లలకు ముందే చెప్పండి.

ఇక ఏలూరు రోడ్డు అన్నగారి మాట. పుస్తకం వేల మందికి చేరుతుందన్నారు, సంతోషం. ఆ వేల మందిలో మేమున్నామా? మీ కథలో ఆ పాప ఏడుస్తుందా అక్కా? నాకు అది తెలుసుకోవాలని ఉంది. కల్లం మీద గాలి తిరిగి ఘాటు మా గుడారాల మీదికి వచ్చినప్పుడు పెద్దవాళ్లు దగ్గుతూ తిట్టుకుంటుంటే, పిల్లలం ఎవరు ఎక్కువ తుమ్ముతారో పందెం వేసుకునేవాళ్లం. మా తమ్ముడు గెలవడానికి కావాలని గాలికి ఎదురు వెళ్లి నిలబడేవాడు. రాత్రి చేతులు మండి నిద్ర పట్టేది కాదు, అది కూడా నిజమే. రెండూ రాసేవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

కుంచె (విజయవాడ), నవంబరు 18

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఈ పుస్తకానికి కాదు, అయినా చెప్పవలసినది ఉంది. 24 పేజీల పుస్తకంలో లోపలి జంటపేజీలు పదకొండో పన్నెండో ఉంటాయి. రచయిత్రి వాక్యం మార్చిన ప్రతిసారీ మేము బొమ్మను మొదటి నుంచి ఆలోచించాలి. అందుచేత సుగ్గిపిల్ల చెప్పిన తుమ్ముల పందెం లాంటిది చేర్చాలంటే ఇప్పుడే చేర్చండి, రంగులు వేశాక కాదు.

ప్రచురణకర్తలు మాకు చెప్పకుండానే చెప్పే షరతులు కొన్ని ఉంటాయి. పాప చామనఛాయలో ఉంటే 'కొంచెం ముఖం వెలిగించండి' అంటారు, కాళ్లకు చెప్పులు లేకపోతే 'మరీ దీనంగా ఉంది' అంటారు. అటువంటి చోట రచయిత పక్కన నిలబడకపోతే చిత్రకారుడు ఒక్కడే పోరాడలేడు. గుడారాల దగ్గర గడిపే సాయంత్రాలను ఎంత గౌరవిస్తానో, సంపాదకుడి బల్ల దగ్గర పాప ఒంటి రంగు కోసం వాదించే మధ్యాహ్నాన్ని కూడా అంతే గౌరవిస్తాను.

నల్లకోటు (గుంటూరు), నవంబరు 19

న్యాయవాదిగా కొన్ని జాగ్రత్తలు చెబుతాను. మీ కథలోని పాపకు ఒక నిజమైన పాప ఆధారమైతే, ఆమె పేరు, ఊరు, గుర్తుపట్టగలిగే వివరాలు, ఫొటో పుస్తకంలోనూ, ప్రచారంలోనూ, ఆవిష్కరణ సభ తెర మీదా రాకూడదు. చట్టాన్ని ఉల్లంఘించి పనిలో పెట్టిన పిల్లలు బాల న్యాయ చట్టం, 2015 దృష్టిలో సంరక్షణ అవసరమైన పిల్లలు. అటువంటి పిల్లల గుర్తింపును ప్రసార మాధ్యమాల్లో వెల్లడించడాన్ని ఆ చట్టం 74వ సెక్షను నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సదుద్దేశంతో చేశామనే జవాబు మీద ఆధారపడకండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి వేళల తరువాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ పనిలో సాయపడవచ్చని బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ అనుమతిస్తోంది. మేస్త్రి చేతి కింద ఇతరుల చేలో రోజంతా చేసే పనిని ఆ మినహాయింపు కిందకు తెచ్చి సమర్థించేవాళ్లు మీకు ఎదురవుతారు. ఒప్పుకోవద్దు. పిల్లలకు అపాయం ఉందని తోచినప్పుడు 1098కి ఫోన్ చేయవచ్చు.

రాయల్టీని ఆ పిల్లలకు ఇస్తానని సభలో ప్రకటించే ముందు లెక్క వేసుకోండి. వెయ్యి ప్రతులు, వెల 60 రూపాయలు, రాయల్టీ పది శాతం అనుకుంటే, అన్నీ అమ్ముడయ్యాక వచ్చేది 6,000 రూపాయలు. ఇవ్వండి, తప్పులేదు, కానీ ఎవరికి, ఎప్పుడు, ఎవరి ద్వారా అన్నది ప్రచురణకర్తతో చేసుకునే ఒప్పందంలోనే రాయించండి. ఉదారంగా ప్రకటించి, రెండేళ్ల తరువాత లెక్క చెప్పలేక ముఖం చాటేసిన సందర్భాలు నేను చూశాను.

అచ్చుఫారం (విజయవాడ), నవంబరు 20

నేను చిన్న ప్రచురణకర్తను. గడువు గురించి మా వైపు మాట కూడా వినండి. పుస్తక మహోత్సవం రోజుల్లో వచ్చే అమ్మకం మా వంటివారికి ఆ తరువాతి నెలల కాగితం ఖర్చు. జనవరి తప్పిందంటే పుస్తకం గోదాములో పడి ఉంటుందన్న భయం మాకు ఉంటుంది. అందులో దుర్మార్గం లేదు. అయితే అచ్చు తేదీని, ఆవిష్కరణ తేదీని ఒకటిగా చూడటం మాకు పట్టిన అలవాటు మాత్రమే. స్టాలులో నాలుగు నమూనా పేజీలు ప్రదర్శించి, ముందస్తుగా పేర్లు రాసుకుని, పుస్తకాన్ని తరువాత పంపిన సందర్భాలు ఉన్నాయి.

రచయిత్రి గారికి నేను గట్టిగా చెప్పదలచినది వేరు. మీ ఉద్దేశం మంచిదన్న కారణంతో పుస్తకంలో ఏ లోపాన్నీ క్షమించుకోకండి. సామాజిక స్పృహ ఉన్న రాతప్రతులు మాకు చాలా వస్తాయి. మూడో పేజీకే పాప నోట పెద్దవాళ్ల ఉపన్యాసం వినిపిస్తుంది. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల పిల్లల జీవితాలతో ప్రత్యేకంగా కథల పుస్తకాల వరుస తెచ్చినప్పుడు, అందులో నన్ను ఆకట్టుకున్నది ఆ పిల్లలు తమ ఇళ్లలో తాము మామూలుగా బతుకుతూ కనిపించడమే. ఇక పురస్కారాల సంగతి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, 50,000 రూపాయలు, తామ్ర ఫలకం. వస్తే ఆనందించండి, కానీ జనవరిలోనే పుస్తకం రావాలన్న తొందరకు అది కారణం కాకూడదు.

ఏలూరు రోడ్డు పాఠకుడు (విజయవాడ), నవంబరు 20

సుగ్గిపిల్ల అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, కాబట్టి వాదించను. కానీ బడిగంట మాస్టారి సలహా మీద నాకు అనుమానం మిగిలే ఉంది. ఒక్క వారం అంటారు. ఆ వారంలో ఒక తల్లికి జ్వరం వస్తుంది, ఒక మేస్త్రి అడ్వాన్సు పేరుతో గొడవ పెడతాడు, రచయిత్రి అక్కడ ఉన్న ఒకే ఒక్క చదువుకున్న మనిషి. ఆమె 'నా వారం అయిపోయింది' అని బస్సెక్కగలదా? మన ఊళ్లలో ఇటువంటి పనులు నెత్తిన వేసుకున్న ఆడవాళ్లకు రాసుకునే బల్ల దగ్గరకు తిరిగి వచ్చే దారి దొరకదు. మగ రచయితను ఎవరూ ఈ ప్రశ్న అడగరు కూడా.

బడిగంట (ఫిరంగిపురం), నవంబరు 21

చివరి మాట నిజం, ఒప్పుకుంటాను. అందుకే బృందంలో ఎవరి పని ఏమిటో ముందే కాగితం మీద రాసుకోవాలి. మేస్త్రితో మాటలు, ఆసుపత్రి, కార్మిక శాఖ ఇవన్నీ రచయిత్రి గారి పేరు పక్కన ఉండకూడదు. ఈ ఏడాది ప్రవేశాల పని మాత్రం ఆమెది, అంతే.

పొన్నచెట్టు (గుంటూరు), నవంబరు 23

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు ఆలోచించాను, మా బృందంతోనూ ప్రచురణకర్తతోనూ మాట్లాడాను.

సుగ్గిపిల్ల రాసిన ఒక వాక్యం నా లెక్క మొత్తాన్ని మార్చింది. ఉగాదికి ఆ ఇళ్ల తాళాలు తెరుచుకుంటాయంటే, ఆలోపే గుడారాలు ఎత్తేస్తారని కదా. జనవరి పుస్తక మహోత్సవానికి పుస్తకం అందకపోతే పోయేది కొంత అమ్మకం. ఉగాదికి ముందు అందకపోతే మాత్రం, ఎవరి మధ్య కూర్చుని రాశానో ఆ పిల్లలు దానిని చూడకుండానే వెళ్లిపోతారు. కాబట్టి నా గడువు ఫిబ్రవరి నెలాఖరు. మహోత్సవంలో నమూనా పేజీలు పెట్టడానికి ప్రచురణకర్త ఒప్పుకున్నారు, పూర్తి సంతోషంతో కాకపోయినా. ఈ వారం రాబోయే బృందం దిగగానే ఉదయాలు బడి ప్రవేశాలకు ఇస్తాను. ఆ తరువాత ఆదివారాలు మాత్రమే వెళతాను, ఆ మాట పిల్లలకు ముందే చెబుతాను. మార్చి దాకా సభలకు రాలేనని ఉత్తరాలు రాసేశాను. అది అనుకున్నంత కష్టం కాలేదు, నేను లేకపోయినా ఆ సభలు చక్కగా జరుగుతాయి.

అవును చెల్లీ, నా కథలో పాప ఏడుస్తుంది, రెండు చోట్ల. ఒకటి తీసేశాను. రెండోది ఉండాలా వద్దా అన్నది నువ్వు రాతప్రతి చదివి చెప్పాలి. సంపాదకుడికి ఇచ్చినట్టే నీకూ ఆ పనికి డబ్బు ఇవ్వాలని ప్రచురణకర్తతో మాట్లాడాను. తుమ్ముల పందెం వాడుకోమంటేనే వాడుకుంటాను.

సుగ్గిపిల్ల (విజయవాడ), నవంబరు 23

వాడుకోండి అక్కా. రాతప్రతి పంపండి, పరీక్షలు డిసెంబరు మొదట్లో అయిపోతాయి, ఆ తరువాత చదువుతాను. కృతజ్ఞతల పేజీలో నా పేరు వద్దు. పందెంలో గెలిచేది మాత్రం తమ్ముడే కావాలి, కథ కోసమని పాపను గెలిపిస్తే నేను ఒప్పుకోను.

బడిగంట (ఫిరంగిపురం), నవంబరు 24

మా బడికి ఇరవై ప్రతులు కావాలి, గ్రాంటు డబ్బులో సర్దుతాను. ఒక బృందం నిన్న రాత్రే దిగింది. రేపు ఉదయం తొమ్మిదికి రాగలిగితే నేరుగా గుడారాల దగ్గరకే రండి. అంగన్‌వాడీ కార్యకర్తకు కబురు పెట్టాను.